ఎండల సీమ నుండి మంచు సీమకు

రెంటచింతల పేరు వినగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఎండ. పూర్వము రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చేటప్పుడు, రాష్ట్రములో అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైనదని చెప్పని వేసవి ఉండేది కాదు. వాతావరణ శాఖవారు కొలిచే చోటు మా ఊరిలో ఉన్నందున ఆ పేరు మాకు దక్కినది గాని, ఎండ మాచర్లకైనా గురజాలకైనా ఒక్కటే. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజున నాపరాతి అరుగు మీద చెయ్యి ఆన్చలేము. పల్నాటి పాఠకులకు ఈ సంగతి మేము చెప్పనక్కర లేదు.

అటువంటి ఊరిలో పుట్టిన ఒక ఆడపిల్ల, భూమిమీద అన్నిటికంటె చల్లని చోటు చూడాలని చిన్ననాటినుండి కోరుకొన్నది. ఆమె మా అక్కయ్య. గుంటూరులో నర్సు చదువు చదివి, కొంతకాలము కువైటులో పనిచేసి, పిమ్మట అమెరికాలోని డల్లాసుకు వెళ్లి అక్కడనే స్థిరపడినది. ఎన్నో ఏండ్లు రాత్రి డ్యూటీలు చేసినది. 2023లో, ఉద్యోగము విరమించకముందే, తనకును బావగారికిని అంటార్కిటికా వెళ్లే ఓడకు టికెట్లు తీసినది. ప్రయాణము 2024 నవంబరులో.

నవంబరే కావాలని పట్టుబట్టినది ఆమెయే. యాత్రికుల ఓడలు ఆ ఖండమునకు సుమారుగా నవంబరు మొదలు మార్చి వరకే తిరుగుతాయి. మనకు చలికాలమైనప్పుడు అక్కడ వేసవి. డిసెంబరు నెలాఖరు, జనవరిలలో పెంగ్విన్ పక్షుల పిల్లలు కనబడతాయి. ఫిబ్రవరి, మార్చిలలో తిమింగలాలు విరివిగా వస్తాయి. నవంబరులో వెళ్లేవారికి పిల్లలు లేవు, తిమింగలాలు అరుదు, చలి అధికము. సముద్రపు మంచు ఇంకా విడిపోనందున కొన్ని తావులకు ఓడ పోలేదు. టికెట్టు కొంత తక్కువకు వచ్చే మాట నిజమే గాని, అక్కయ్య ఆలోచన అది కాదు. "అందరూ తొక్కకముందు చూడాలి తమ్ముడూ, తరువాత అంతా బురద, పక్షుల రెట్ట" అని ఫోనులో చెప్పినది.

2024 ఫిబ్రవరిలో ఆమె ప్రభువునందు నిద్రించినది. క్యాన్సరు అని తెలిసిన తరువాత నాలుగు నెలలే ఉన్నది.

బావగారు టికెట్టు రద్దు చేయలేదు. ఓడవారిని అడిగి అక్కయ్య పేరు స్థానములో మా పేరు వ్రాయించారు. "ఏమయ్యా, వస్తావా? ఆ గదిలో నేనొక్కడినే పడుకోలేను" అన్నారు. ఆ మాటకు కాదనడము మా వల్ల కాలేదు.

ఊరిలో మాత్రము సులువు కాలేదు. ఆ టికెట్టు ధరకు మా సంఘము రెండేండ్ల కానుకలు కలిపినా చాలవు. సంఘ పెద్దలలో మిరప పండించే ఒకాయన, "అయ్యగారూ, తోటకు మందు కొట్టడానికి అప్పు చేసి తిరుగుతున్నాము. మీరు మంచు చూడబోతారా?" అని ముఖముమీదనే అడిగారు. ఆయన అడిగినది తప్పు కాదు. సంఘము సొమ్ములో ఒక్క పైసా అందులో లేదని కూటములో అందరి ఎదుట చెప్పి, ఎవరి బదులు వెళుతున్నామో కూడ చెప్పాము. ఆయన మరేమియు అనలేదు. మా అమ్మగారు మాత్రము ఒక పని అప్పగించింది. ఆమె ఎనుబది దాటినది. కూతురి సమాధి డల్లాసులో ఉన్నది, అక్కడికి పోలేకపోయినది. "నాయనా, అది చూడాలనుకొన్నది నీవు చూచి వచ్చి నాకు చెప్పు. వచ్చేటప్పుడు అక్కడి రాయి ఒకటి తీసుకొని రా. మీ నాన్న సమాధి ప్రక్కన పెట్టుకొందాము" అన్నది. తెస్తామని చెప్పాము.

వెళ్లకముందు ఆ ఖండమును గూర్చి చదువుకొన్నాము. దాని వైశాల్యము సుమారు ఒక కోటి నలుబది లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన దేశమునకు నాలుగింతలు పైమాట. మంచు సగటు మందము రెండు కిలోమీటర్లకు దగ్గర. లోకములోని మంచినీటిలో ఇంచుమించు డెబ్బది వంతులు అక్కడ గడ్డకట్టి ఉన్నవి. 1983 జూలై 21న వోస్తోక్ అనే రష్యావారి కేంద్రములో సున్నాకు దిగువన 89.2 డిగ్రీలు నమోదైనది. మా ఊరి మే నెలకును దానికిని లెక్క వేసి చూడండి!

మనవారికి ఆ ఖండము కొత్తది కాదు. 1981 డిసెంబరులో గోవానుండి బయలుదేరిన మొదటి భారత బృందము 1982 జనవరిలో అక్కడ దిగింది. మొదట కట్టిన దక్షిణ గంగోత్రి మంచులో కూరుకొనిపోగా 1990లో విడిచిపెట్టారు. ఇప్పుడు మైత్రి, 2012లో మొదలైన భారతి అనే కేంద్రాలు ఉన్నాయి. హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. సంస్థ మైత్రిలో భూకంపాలను కొలుస్తున్నది. హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త శివాజీగారు ఆ చలిలో బ్రదికే సూక్ష్మజీవులను వెదకి వాటికి పేర్లు పెట్టారు. నెల్లూరు జిల్లా సంగము దగ్గర పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006 జనవరిలో ఆ ఖండములోకెల్ల ఎత్తైన విన్సన్ శిఖరమెక్కాడు. ఏడు ఖండాల శిఖరాలలో అది అతనికి మొదటిది. 2015లో ఆండీస్ పర్వతాలలో ప్రాణము విడిచాడు. మేము వెళ్లిన వైపు మాత్రము వేరు. దక్షిణ అమెరికా కొననుండి ఓడలు పోయే ద్వీపకల్పమునకును మైత్రికిని వేల కిలోమీటర్ల దూరము.

హైదరాబాదునుండి దుబాయి, బ్రెజిల్ మీదుగా అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ చేరాము. బావగారు డల్లాసునుండి వచ్చి అక్కడ కలిశారు. ఇద్దరము మూడున్నర గంటలు విమానములో దక్షిణానికి వెళ్లి ఉషువాయా అనే పట్టణములో దిగాము. కొండలపై మంచు, క్రింద రేవు. లోకము చివరనున్న పట్టణమని అక్కడివారు గోడలమీద వ్రాసుకొన్నారు.

ఓడ ఎక్కేముందు ఆ రేవును గూర్చి కొంత చెప్పాలి. మన పాఠకులకు అది తెలిసియుండాలని మా కోరిక. బ్రిటిష్ నౌకాదళములో పనిచేసిన ఆలెన్ గార్డినర్ అనే ఆయన ఆ ప్రాంతపు ప్రజలకు సువార్త చెప్పాలని 1850 డిసెంబరులో ఆరుగురు సహవాసులతో అక్కడ దిగాడు. వేటకు కావలసిన తుపాకి మందు వారిని దించిన ఓడలోనే ఉండిపోయింది. మరల ఆహారము తెచ్చే ఓడ వేళకు రాలేదు. 1851లో ఏడుగురును ఆకలితో, జబ్బుతో ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. గార్డినర్ దినచర్య పుస్తకము తరువాత వచ్చినవారికి దొరికింది. ఇంచుమించు అవే రోజులలో, 1849లో, హయ్యర్ అయ్యగారు గుంటూరు విడిచి మన పల్నాటికి వచ్చి గురజాలలో పని ఆరంభించారు. ఒకే కాలము, రెండు దిక్కులు. ఇక్కడ పని నిలిచి సంఘాలు లేచాయి. అక్కడ మరొక తరము గడచిన తరువాత థామస్ బ్రిడ్జెస్ అనే మిషనరీ 1871లో కుటుంబముతో ఉషువాయాలో కాపురము పెట్టి, యాగాన్ ప్రజల భాష నేర్చి, సుమారు 32,000 మాటలతో నిఘంటువు కూర్చాడు. అంత పెద్ద నిఘంటువు సిద్ధమైనది గాని ఆ మాటలు పలికే జనము తెల్లవారితో వచ్చిన తట్టువంటి రోగాలకు రాలిపోయారు. ఆ భాష తల్లి నోట నేర్చిన చివరి మనిషి క్రిస్టీనా కాల్డెరోన్ అనే ముసలామె 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినది. మాటలన్నీ పుస్తకములో ఉన్నాయి, మాట్లాడేవారు లేరు. రేవులో నిలిచి ఈ సంగతి బావగారికి చెప్పితే, "మీ అక్క ఉంటే నన్ను మ్యూజియమునుండి బయటకు రానిచ్చేది కాదు" అన్నారు.

ఓడ మరీ పెద్దది కాదు, ప్రయాణికులు నూట యాబై మంది లోపు. ఐదు వందలకు మించి జనమున్న ఓడలవారిని అక్కడ నేలమీద దిగనివ్వరు. ఒక్కొక్క చోట ఒకేసారి నూరుగురికి మించి దిగరాదు. రేవు దాటిన రాత్రినుండి రెండు రోజులు డ్రేక్ జలసంధి. అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాలు కలిసే చోటు, అడ్డు వచ్చే నేల లేదు గనుక అలలకు అదుపు లేదు. మేము మంచముమీదనుండి లేవలేదు. లేచినప్పుడు వాంతి. ఆ రెండు రోజులను గూర్చి ఇంతకు మించి వ్రాయము. బావగారికి ఏమియు కాలేదు. ఆయన కిటికీ దగ్గర కూర్చుండి ఆల్బట్రాస్ అనే పెద్ద పక్షులను చూచేవారు. వాటిలో పెద్ద జాతికి రెక్కల చాపు మూడు మీటర్లు దాటుతుంది. రెక్క ఆడించకుండ గంటల తరబడి ఓడ వెంట వచ్చేవి.

దిగేముందు మా సామానులు పరీక్షించారు. దుమ్ము పీల్చే యంత్రముతో సంచుల మూలలు, జేబులు, బట్టల మడతలు శుభ్రము చేయించారు. వేరు దేశపు విత్తనము ఒక్కటి కూడ ఆ నేలమీద పడరాదు. మా పాంటు అంచు మడతలో రెండు ఉత్తరేణి గింజలు దొరికాయి. మందిరము వెనుక దొడ్డిలో అంటుకొన్నవై ఉంటాయి. హైదరాబాదు, దుబాయి, బ్రెజిల్ దాటి వచ్చాయి! ఆ పరీక్ష చేసే అమ్మాయి వాటిని చిమటాతో తీసి, కాగితములో చుట్టి, ఇవి ఏ దేశపువని అడిగినది. పల్నాడు అని చెప్పాము. బూట్లను మందు నీళ్లలో కడిగించడము దిగేముందు ఒకసారి, ఎక్కిన తరువాత ఒకసారి. పక్షులకు ప్రాణాంతకమైన ఫ్లూ జబ్బు 2024 ఫిబ్రవరిలో ఆ ఖండములో కూడ బయటపడినందున మరొక ఆజ్ఞ కూడ ఉన్నది. నేలమీద కూర్చుండరాదు, పడుకొనరాదు, మోకాళ్లూనరాదు. బూటు అడుగు తప్ప మరేదియు మంచుకు తగలరాదు.

మొదట దిగినది కవర్‌విల్ అనే ద్వీపములో. రబ్బరు పడవలో పదిమంది చొప్పున ఒడ్డుకు చేర్చారు. ఆ సంవత్సరము మాకంటె ముందు అక్కడ ఎవరైన దిగారో లేదో మాకు తెలియదు గాని, మేము చూచిన కొండవాలుమీద మనిషి అడుగు గుర్తు ఒక్కటి కూడ లేదు. తెలుపు అని మనమనేది తెలుపు కాదు. పత్తి చేను విరగబూచినప్పుడు కూడ మధ్యలో ఆకు ఉంటుంది, మట్టి ఉంటుంది. ఇక్కడ నీడలు కూడ నీలముగా ఉన్నాయి. చలి సున్నాకు నాలుగైదు డిగ్రీలు దిగువన, గాలి లేదు. అందరును మౌనముగా నిలిచారు. బావగారు నాలుగడుగులు వేసి, వెనుకకు తిరిగి, తన అడుగులవైపు చూచారు.

మేము మోకరించాలని అనుకొన్నాము. ఆజ్ఞ జ్ఞాపకము వచ్చి నిలువబడియే ప్రార్థన చేశాము. యోబు గ్రంథములో మంచును గూర్చి దేవుడడిగిన ప్రశ్నలమీద మేము ఈ పల్నాటి ఎండలో ఎన్నోసార్లు ప్రసంగించాము. మంచు ఎట్లుంటుందో తెలియకుండనే!

పెంగ్విన్‌లు మోకాలెత్తు ఉంటాయి. ఆ ద్వీపములోనివి జెంటూ జాతివి. మనిషిని చూచి బెదరవు. ఐదు మీటర్ల దూరములో నిలువవలెనని మాకు ఆజ్ఞ గాని వాటికి లేదు గదా, అవే దగ్గరకు వచ్చేవి. సముద్రమునుండి గూళ్ల వరకు అవి నడిచి నడిచి మంచులో కాలువవలె లోతైన బాటలు చేసికొన్నాయి. వాటికి అడ్డము పోరాదు. గొర్రెల మంద వస్తే మాచర్ల బస్సు ఆగినట్లు, ఒక పక్షి వస్తే ఇరవై మందిమి ఆగిపోయాము. నవంబరు మంచు మెత్తన, కాలు వేస్తే తొడవరకు దిగుతుంది. ఆ గోతిలో పక్షి పడితే పైకి రాలేదు. అందుచేత అందరి వెనుక ఒక గైడు పార పట్టుకొని మా అడుగుల గోతులు పూడ్చుకొంటూ వచ్చేవాడు.

వాటి గూడు రాళ్లతో కట్టినది. గడ్డి లేదు, పుల్ల లేదు, గులకరాళ్లే. మంచు కరిగితే గ్రుడ్లు తడవకుండ ఆ రాళ్ల కుప్ప వాటిని ఎత్తులో ఉంచుతుంది. నవంబరులో నేల చాలవరకు మంచు క్రిందనే ఉంటుంది గనుక రాయి దొరకడము కష్టము. మగపక్షి ఎక్కడనో వెదకి ఒక్క రాయి ముక్కున కరచి తెచ్చి, ఆడపక్షి ముందు పెట్టి తల వంచేది. మరల వెళ్లేది. ఇంతలో ప్రక్క గూటిది ఆ రాయి దొంగిలించేది. మేము నవ్వాము. ఒకటి ఇంకా తేరని మంచుమీదనే, ఉన్న నాలుగు రాళ్ల నడుమ కూర్చుండియున్నది. గ్రుడ్డు పెట్టిన తరువాత ముప్పదియైదు రోజులు తల్లిదండ్రులు వంతులవారీగా పొదుగుతాయని గైడు చెప్పాడు. కాలువకు నీరు విడువకముందే నారుమడి దున్ని సిద్ధపరచుకొనే మన రైతులు జ్ఞాపకము వచ్చారు. పిల్లలు పుట్టిన తరువాత వచ్చేవారు ముద్దైన ఫొటోలు తీసుకొంటారు. ఈ రాళ్ల పని వారికి ఇంతగా కనబడదు.

అమ్మగారు అడిగిన రాయిని గూర్చి ఆ పూటనే గైడును అడిగాము. ఇసుక రేణువైనను తీసుకొనిపోరాదని చెప్పాడు. ఏదియు విడిచిపెట్టనూ రాదు. అప్పుడు బావగారు జేబులోనుండి చెయ్యి తీసి చూపారు. అక్కయ్య నర్సుగా పెట్టుకొన్న పేరు బిళ్ల. అక్కడ మంచులో పెట్టి రావాలని తెచ్చుకొన్నారట. అంతవరకు మాకు చెప్పలేదు. గైడు చిన్నవాడు, ఏమి చెప్పాలో తెలియక నిలిచాడు. బావగారే, "ఫరవాలేదు బాబూ, ఆమెకు రూలు అంటే రూలే" అని ఇంగ్లీషులో చెప్పి, బిళ్ల మరల జేబులో వేసుకొన్నారు.

అన్ని రోజులును అట్లు సాగలేదు. లెమైర్ అనే ఇరుకైన కాలువ ఎంతో అందమైనదని పుస్తకాలలో చదివాము. మంచు పలకలు దాని మూతిని మూసివేయగా ఓడ వెనుకకు తిరిగింది. మరొక రోజు గాలి ఎక్కువై రెండు పూటలును దిగలేదు. తిమింగలమైతే ఒక్కసారి, దూరమున, వీపు మాత్రము. మా బల్ల దగ్గర భోజనము చేసే దంపతులు ఇంత సొమ్ము పోసి ముందుగా వచ్చి మోసపోయామని రోజూ సణిగేవారు. ఈ కాలములో వెళ్లదలచిన వారెవరైన మన పాఠకులలో ఉంటే, పెద్దదానికి ఆశపడి వెళ్లవద్దని మా సలహా. 2022–23లో ఆ ఖండమును చూడబోయినవారు లక్ష దాటారు. అంతమంది వెళ్లడము ఆ నేలకు మేలా కీడా అనే ప్రశ్న మమ్మును కూడ వదలలేదు. అడెలీ అనే జాతి పెంగ్విన్‌లు ఆ పశ్చిమ తీరములో వేడి పెరిగి మంచు తగ్గినందున తరిగిపోతున్నాయట. వేడి ఏమి చేస్తుందో రెంటచింతల వారికి ఒకరు చెప్పాలా?

ఆదివారము ఓడ అడుగు అంతస్తులో, వంటవారి భోజనాల గదిలో, పని ముగిసిన పిమ్మట ఫిలిప్పీన్స్ దేశపు పనివారు ఆరుగురు, మేమిద్దరము కలిసి ఆరాధించాము. వారిలో ఒకామె భర్తను పోగొట్టుకొని పిల్లలను తల్లివద్ద విడిచి వచ్చినది. బావగారు ఆమెతో చాలసేపు మాట్లాడారు. అక్కయ్య పోయిన తరువాత ఆయన అంతసేపు మాట్లాడడము మేము వినలేదు. ఏమి మాట్లాడుకొన్నారో అడగలేదు.

చివరగా పోర్ట్ లాక్‌రాయ్. 1944లో బ్రిటిషువారు కట్టిన చిన్న చెక్క ఇల్లు. ఇప్పుడు అది మ్యూజియము, తపాలా ఆఫీసు. నలుగురైదుగురు ఉద్యోగులు వేసవిలో వచ్చి ఉండి, ఉత్తరాలు ముద్ర వేయడము, పెంగ్విన్‌లను లెక్కించడము చేస్తారు. నవంబరులో వచ్చిన వారికి మొదటి పని తలుపులకు అడ్డముగా పేరుకొన్న మంచును తవ్వడము. 2022లో నౌకాదళము వచ్చి సాయము చేయవలసి వచ్చిందట. మేము వెళ్లిన దినమున కూడ వారు తవ్వుతున్నారు. బావగారు పార అడిగి పుచ్చుకొన్నారు. వారు ముందు వద్దన్నారు, తరువాత ఇచ్చారు. డెబ్బది ఏండ్లకు దగ్గరపడిన మనిషి అరగంట తవ్వారు. తలుపు దగ్గరి మెట్టు ఒకటి తేలింది. ముఖము ఎర్రబడి, చెమటపట్టి, టోపీ తీసి నిలువబడినప్పుడు, ఫిబ్రవరినుండి మేము చూడని మనిషిని చూచినట్లైనది.

లోపల పోస్టు కార్డు కొని బల్లమీద ఉంచుకొని వ్రాశారు. ఆ ఉత్తరాలు ఓడలో ఫాక్లాండ్ దీవులకు, అక్కడినుండి ఇంగ్లండుకు, ఆ పిమ్మట లోకమంతటికిని పోతాయి.

మేము డిసెంబరు మొదటి వారములో ఇల్లు చేరాము. అమ్మగారు కాళ్లు కడుగుకొననియ్యకముందే, "రాయి ఏదీ?" అన్నది. గూళ్ల సంగతి, మగపక్షి సంగతి, దొంగ పక్షి సంగతి అంతా చెప్పాము. ఆమె విని, "దాని గూటి రాయి మనకెందుకు నాయనా, ఉండనీ" అన్నది. మిరప రైతు ఆ ఆదివారము ఆరాధన తరువాత ఆగి, పార పట్టుకొని తవ్విన ముచ్చట రెండుసార్లు చెప్పించుకొన్నారు.

పోస్టు కార్డు 2025 మార్చిలో వచ్చింది. ఒక వైపు మంచుకొండ, ఒక పెంగ్విన్. రెండవ వైపు బావగారి తెలుగు అక్షరాలు: "అత్తయ్యగారికి నమస్కారములు. మీ అమ్మాయి చెప్పినట్లే ఇక్కడ ఎవరూ తొక్కలేదు. చలి బాగా ఉన్నది. మీ అల్లుడు." అమ్మగారికి చూపు ఆనదు గనుక ఇంటికి వచ్చినవారందరిచేతను చదివించుకొంటున్నది. మే నెలలో మధ్యాహ్నము కరెంటు పోయినప్పుడు దానితోనే విసురుకొన్నది. చిన్న కార్డు, గాలి ఏమి వస్తుందమ్మా అంటే, వస్తున్నదిలే అన్నది.